లిలీని వదులుకోవడం తోరా పెద్దమనసా, పిరికితనమా? (తోరా-సాన్ 15వ సినిమా)

మిడ్‌నైట్‌చాయ్: జపాన్ వాళ్ల తోరా-సాన్ సినిమాల వరసలో 1975లో వచ్చిన 15వది నిన్న మళ్లీ చూశా, మళ్లీ ఒళ్లు మండింది. చూడనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తా. తోరా తిరనాళ్లలో సరుకు పరిచి అమ్ముకుంటూ ఊళ్లు తిరిగే మనిషి, లిలీ క్యాబరేల్లో పాడుకుంటూ ఊళ్లు తిరిగే మనిషి. టోక్యో షిబామాతాలో తోరా బాబాయి నడిపే మిఠాయి కొట్టుకి ఇద్దరూ చేరతారు. చెల్లెలు సకురా ధైర్యం చేసి "మా అన్నయ్యని చేసుకుంటావా" అంటే లిలీ నాలాంటిది పర్లేదనుకుంటే సరే అంటుంది. సరిగ్గా అప్పుడే వచ్చిన తోరాకి సకురా సంబరంగా ఆ మాట చెబితే అయ్యగారు "ఊరికే అన్నావు కదా?" అని లిలీనే అడుగుతాడు! ఆవిడ కాసేపు ఆగి "అవును, జోకే" అని వెళ్లిపోతుంది. చేతిదాకా వచ్చింది నోటిదాకా రాలేదంటారే, ఇక్కడ నోటిదాకా వచ్చినదాన్ని తనే తోసేశాడు. దీన్ని త్యాగం అనేవాళ్లు ఎందుకంటున్నారో చెప్పండి.

పాతరీలు: చెప్తా. ఆ తర్వాత పైగదిలో చెల్లెలితో ఏమన్నాడో వదిలేశావు. లిలీ తెలివైనది, గట్టి మనిషి, నాలాంటి బుద్ధిలేనివాడితో ఏం సుఖపడుతుంది అంటాడు. రెక్క దెబ్బతిన్న వలసపక్షి, ఈ ఇంట్లో కొన్నాళ్లు సేద తీరింది, అంతే అంటాడు. తన సంగతి తనకి తెలిసిన మనిషి మాట అది. జేబులో డబ్బు నిలవదు, ఒకచోట కాలు నిలవదు. పెళ్లయిన ఆర్నెల్లకి మళ్లీ పెట్టె పట్టుకుని వెళ్లిపోతే అప్పుడు కూడా నువ్వే తిట్టేవాడివి.

కొబ్బరాకు: కర్బూజా సీన్ సంగతి ఎవరూ ఎత్తరేంటి? అసలు జవాబు అక్కడే ఉంది. తోరాకి కానుకగా వచ్చిన పండు, మంచి ఖరీదైనది. ఇంట్లోవాళ్లు లెక్కపెట్టి కోసుకుంటూ తోరానే లెక్కలో మర్చిపోతారు. నోట్లో పెట్టుకునే సమయానికి ఆయన ఊడిపడతాడు, అందరూ కంగారుగా తమ ముక్కలు దాచుకోవడం, సకురా ఎంగిలి ముక్క ముందుకు జరపడం, చూసి నవ్వాలో జాలిపడాలో తెలియదు. నా వాటా ఎందుకు తియ్యలేదని తోరా చేసే రభస అంతా ఇంతా కాదు. లిలీ ఒక్కతే లేచి, నీలాంటివాణ్ని ఇంకో ఇంట్లో అయితే ఎప్పుడో గెంటేసేవాళ్లు, ఈ ఇల్లు దొరకడమే నీ అదృష్టం అని కడిగేస్తుంది. ముక్క కోసం అంత గొడవ చేసినవాడికి చివర్లో మొత్తం పండు తెచ్చి పెడితే, ఇది నాది కాదేమో అంటాడు. దాన్ని పెద్దమనసు అనలేను, పిరికితనం అని కూడా అనలేను. వాటా అడిగి తీసుకునే అలవాటుంది తప్ప వాళ్లంతట వాళ్లిస్తే తీసుకోవడం రాదు ఆయనకి.

మిడ్‌నైట్‌చాయ్: @కొబ్బరాకు బాగా చెప్పారండీ, కానీ అది కారణం చెబుతుంది గానీ తప్పుని మాఫీ చెయ్యదుగా. వానలో గొడుగేసుకుని స్టేషన్ దగ్గర ఆవిడ కోసం నిలబడటం వచ్చినవాడికి "సరే" అనడం రాలేదా?

తెరవెనక: అందరూ మనస్తత్వం తవ్వుతున్నారు, ఇది వ్యాపారం బాబూ. అప్పట్లో షోచికు కంపెనీ ఏడాదికి రెండు తోరా సినిమాలు దింపేది, వేసవికి ఒకటి, కొత్త సంవత్సరానికి ఒకటి. ప్రతిసారీ కొత్త హీరోయిన్, మళ్లీ ప్రేమ, మళ్లీ బోల్తా. తోరాకి పెళ్లయితే 16 ఎక్కణ్ణుంచి వస్తుంది? 1968లో మొదలైన టీవీ సీరియల్ చివర్లో ఆయన్ని పాముకాటుతో చంపేస్తే జనం గోల పెట్టారు, అందుకే 1969లో సినిమాగా తీశారు. చావనివ్వనివాళ్లు కాపురం పెట్టనిస్తారా?

పాతరీలు: అలా అయితే ఏ సినిమా గురించీ మాట్లాడుకోలేం. దర్శకుడు యోజి యమదాకి ఫార్ములా ఉంది, నిజమే, కానీ మిగతా హీరోయిన్లు చాలామంది వచ్చి వెళ్లిపోయారు, లిలీని మాత్రం 11, 15, 25, 48లో మళ్లీ మళ్లీ పిలిచాడు. 1996లో తోరా వేషం వేసిన కియోషి అత్సుమి పోయాడు కాబట్టి 48లో ఆయన పక్కన చివరి హీరోయిన్ కూడా ఆవిడే అయింది. వ్యాపారమే అయితే ఆ అవసరం ఏముంది?

సుబ్బులు_టోక్యో: నన్నడిగితే తప్పు సకురాది. పాపం మంచి మనసే, కానీ పెళ్లిమాట ఇంట్లోవాళ్ల ముందు అలా మొహం మీద చెప్తారా? ఆయన సిగ్గరి, ఆవిడ పౌరుషం గల మనిషి. ఆ ఒక్క నిమిషం ఇద్దర్నీ ఒంటరిగా వదిలేస్తే కథ వేరేగా ఉండేది. షిబామాతా స్టేషన్ ముందు తోరా విగ్రహం ఉంది, 2017లో సకురాది కూడా పెట్టారు, అన్నని సాగనంపుతున్నట్టు. అటు వెళ్లినప్పుడల్లా ఈ మాటే అనిపిస్తుంది.

మిడ్‌నైట్‌చాయ్: సకురాని ఏమన్నా అంటే ఊరుకోను అక్కా 😄

కొబ్బరాకు: 1980లో వచ్చిన 25వది కూడా కలిపి చూడండి. ఒకినావాలో జబ్బుపడ్డ లిలీ కోసం విమానమంటే వణికే తోరా విమానమెక్కి వెళ్తాడు. తర్వాత షిబామాతాలో, అదే ఇంట్లో, ఈసారి ఆయనే "నాతో కాపురం పెడతావా" అంటే లిలీ నవ్వేసి, అలాంటి జోకులెయ్యకు, వీళ్లు నిజమనుకుంటారు అంటుంది. ఐదేళ్ల కింద ఆయన చేసిందే ఆవిడ చేసింది. మరి ఆవిడది కూడా పిరికితనమేనా?

మిడ్‌నైట్‌చాయ్: ఆవిడది బాకీ తీర్చడం. ఆయన అడిగిందే ఐదేళ్లు లేటుగా, అదీ మళ్లీ అందరి ముందే.