కోజెనరేషన్‌కు నగరంలో స్థలం: మూడింటిలో ఏది?

పొగగొట్టం:
కోజెనరేషన్ (ఒకే ఇంజిన్ నుంచి కరెంటూ, దాని వేడితో ఆవిరీ వేడినీళ్లూ) కోసం 2 మెగావాట్ల గ్యాస్ ఇంజిన్ పెట్టడానికి మూడు స్థలాలు చూశాం. పాల ఫ్యాక్టరీ ఆవరణ (రోజుకు 20 టన్నుల ఆవిరి, 8 బార్ పీడనం), పెద్దాసుపత్రి వెనక జాగా (వేడినీళ్లు, లాండ్రీ), ఊరి చివర సబ్‌స్టేషన్ పక్కన చవక స్థలం. ఆ చివరిది ఫ్యాక్టరీకి 3 కిలోమీటర్లు. ముందు దేన్ని తేల్చుకోవాలి?

ఆవిరిలెక్క:
ఊరి చివరిది వదిలేయండి. కరెంటు తీగ మీద ఎంత దూరమైనా పోతుంది, ఆవిరి పోదు. దారి పొడవునా పీడనం పడుతుంది, స్టీమ్ ట్రాపులు (పైపులో చేరిన నీటిని బయటికి వదిలే వాల్వులు) కావాలి, రోడ్ల వెంబడి ఎక్స్‌పాన్షన్ లూపులకు (వేడికి పైపు సాగేందుకు వేసే వంపులకు) చోటు కావాలి, కండెన్సేట్ (ఆవిరి చల్లబడి అయిన నీళ్లు) వెనక్కి తేవడానికి ఇంకో పైపు.

పాల ఫ్యాక్టరీ విషయంలో ఆ 20 టన్నుల అంకెను నమ్మొద్దు. 24తో భాగిస్తే గంటకు 0.83 టన్ను, బాగానే ఉందనిపిస్తుంది. కానీ ఇంజిన్ వేడిలో ఆవిరి చేయగలిగేది ఎగ్జాస్ట్‌ది (బయటికి పోయే పొగది) మాత్రమే, దాదాపు సగం. అంటే మీ ఇంజిన్‌కు గంటకు 1.3 టన్నుల దాకా. ఫ్యాక్టరీ ఆ 20 టన్నులూ 6 గంటల్లోనే వాడేస్తే మీరిచ్చేది 8 లోపే, మిగతాది బాయిలరే ఇవ్వాలి. తక్కిన 18 గంటలూ ఎగ్జాస్ట్ వేడి గాలిపాలు. ఏడాది పొడవునా గంటగంటకూ ఆవిరి మీటరు రీడింగులు అడగండి. నెల బిల్లులు చాలవు.

మిగతా సగం జాకెట్ నీళ్లలో (ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లలో) ఉంటుంది, 90 డిగ్రీలు. దానికి ఆసుపత్రే నయం. కాకపోతే తిరిగొచ్చే నీళ్లు 70 డిగ్రీలు దాటకూడదు. దాటితే ఇంజిన్ చల్లబడదు, వేడిని గాలిలోకి వదిలేసే డంప్ రేడియేటర్ ఫ్యాన్లు తిరగడం మొదలెడతాయి.

బ్రేకర్:
వేడి లెక్క కుదిరినా స్విచ్‌గేర్ (బ్రేకర్లుండే కరెంటు బోర్డు) దగ్గర ఆగిపోవచ్చు. 2.5 ఎంవీఏ (మెగావోల్ట్ ఆంపియర్) జనరేటర్, సబ్‌ట్రాన్సియెంట్ రియాక్టెన్స్ (షార్ట్ సర్క్యూట్ అయిన తొలి క్షణాల్లో కరెంటుకు జనరేటర్ ఇచ్చే అడ్డు) 0.15 అనుకుంటే, 2.5ను దాంతో భాగిస్తే దాదాపు 17 ఎంవీఏ ఫాల్ట్ (షార్ట్ సర్క్యూట్ పవర్) కలుస్తుంది. బోర్డు 250 ఎంవీఏ ఫాల్ట్ దాకా తట్టుకునేది, అక్కడ ఇప్పటికే 240 ఉంటే సరిపోదు. రియాక్టర్ (ఫాల్ట్ కరెంటును తగ్గించే కాయిల్) పెట్టాలి, లేదా బోర్డే మార్చాలి. స్థలానికి అడ్వాన్సు ఇచ్చేలోపే ఫాల్ట్ లెవెల్ రాతపూర్వకంగా తీసుకోండి.

పొగగొట్టం:
ఆసుపత్రి పక్కనే ఏడంతస్తుల భవనం ఉంది. ఇబ్బందా?

ఆవిరిలెక్క:
ఇబ్బందే. గాలి ఆ భవనం మీదుగా సుడి తిరిగి పొగను కిందికి లాగుతుంది, అది కిటికీల్లోకీ ఏసీ గాలి తీసుకునే చోటికీ వెళ్తుంది. గొట్టం మీ షెడ్డును బట్టి కాదు, ఆ భవనం ఎత్తును బట్టి వేయాలి. ఎగ్జాస్ట్‌లోని లోతైన గుమ్‌మనే మోతను మామూలు గోడ ఆపదు. దానికి సైలెన్సర్ పెద్దది కావాలి, షెడ్డు కప్పు ఆ బరువు మోస్తుందో లేదో ఇప్పుడే చూసుకోండి.