లాప్‌టాప్‌లో పనిచేసిన రీరైట్ రూల్ సర్వర్‌లో 404 ఇస్తోంది

ప్రశ్న:
కథల సైటు ఒకటి నడుపుతున్నానండి, సొంతంగా రాసుకున్న పీహెచ్‌పీ. ఇన్నాళ్లూ అడ్రసు కథ.పీహెచ్‌పీ?ఐడీ=25 లాగా ఉండేది, ఇప్పుడు /కథ/వాన-రాత్రి లాగా మార్చాలని .హెచ్‌టీయాక్సెస్‌లో (అపాచీ అనే వెబ్ సర్వర్ చదివే సెట్టింగుల ఫైలు) రీరైట్ రూల్, అంటే కొత్త అడ్రసును లోపల పాత పేజీకి కలిపే లైను, రాశాను. లాప్‌టాప్‌లో సైటు పరీక్షించుకునే ఎక్స్‌ఏఎమ్‌పీపీలో ఇంగ్లీషు అక్షరాల పేర్లకు బాగానే పనిచేసింది, తెలుగు పేర్లకు మాత్రం అక్కడా పనిచేయలేదు. ఉబుంటు సర్వర్‌కి ఎక్కించాక అన్నిటికీ 404 (పేజీ దొరకలేదు). పాత లింకులు జనం దగ్గర చాలా ఉన్నాయి, అవి పోతాయేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
ముందు సర్వర్ ఆ ఫైలును చదువుతోందో లేదో చూడండి. .హెచ్‌టీయాక్సెస్ మొదటి లైన్లో అర్థంలేని మాట ఏదో ఒకటి టైప్ చేసి పేజీ తెరవండి. 500 ఎర్రర్ వస్తే చదువుతున్నట్టు, అప్పుడూ 404 వస్తే అసలు పట్టించుకోవడం లేదన్నమాట. మీది రెండోదే అనుకుంటున్నాను, ఎందుకంటే ఉబుంటు అపాచీలో /వార్/డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఫోల్డరుకి అలౌఓవర్‌రైడ్ (.హెచ్‌టీయాక్సెస్‌ను లెక్కలోకి తీసుకోవాలా వద్దా చెప్పే సెట్టింగు) 'నన్' అనే ఉంటుంది, ఎక్స్‌ఏఎమ్‌పీపీలో 'ఆల్' ఉంటుంది. మీ సైటు కాన్ఫిగ్‌లో దాన్ని 'ఆల్' చేసి, రీరైట్ మాడ్యూల్‌ను ఆన్ చేసే ఏ2ఎన్‌మాడ్ రీరైట్ కమాండ్ ఇచ్చి, అపాచీని రీస్టార్ట్ చేయండి.

జవాబు 2:
తెలుగు పేర్ల సంగతి వేరు. మీ రూల్లో a-z, అంకెలు, హైఫన్ మాత్రమే ఒప్పుకునేలా రాసి ఉంటారు. అపాచీ రూల్‌తో పోల్చేది డీకోడ్ చేసిన అడ్రసుని, అంటే నేరుగా తెలుగు అక్షరాలనే, కాబట్టి అక్కడ [^/]+ పెట్టండి, స్లాష్ తప్ప ఏదొచ్చినా తీసుకుంటుంది. అయితే నా మాట వింటే స్లగ్‌లు (అడ్రసులో కథ పేరుండే భాగాలు) ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంచండి. లింకు కాపీ చేసినప్పుడు ఒక్కో తెలుగు గుర్తు మూడు బైట్లుగా, ఒక్కో బైటు %E0 లాంటి మూడు అక్షరాలుగా మారుతుంది, 'వాన' అన్న చిన్న మాటే 27 అక్షరాలవుతుంది.

జవాబు 1:
ఇక్కడ నేను ఒప్పుకోను. తెలుగు కథకి తెలుగు అడ్రసే ఉండాలి, బ్రౌజర్లో చదవడానికి చక్కగా కనిపిస్తుంది కూడా. పొడవు గురించి బాధైతే చివర చిన్న నంబరు పెట్టి దాంతోనే కథను వెతకండి, పేరు మధ్యలో తెగిపోయినా నంబరు మిగిలితే చాలు.

ప్రశ్న అడిగినవారు:
అలౌఓవర్‌రైడే! ఇప్పుడు కథ తెరుచుకుంటోంది, కానీ రంగులు, ఫాంట్లు ఏవీ రావడం లేదు, పేజీ బోసిగా ఉంది.

జవాబు 2:
పేజీ రూపాన్ని చెప్పే సీఎస్‌ఎస్ (స్టైల్) ఫైలు లింకు ముందు స్లాష్ లేదు. /కథ/ అనగానే బ్రౌజర్ అదో ఫోల్డరనుకుని స్టైల్ ఫైలును అందులో వెతుకుతుంది. సైటు డొమైన్ మూలంలోనే ఉంటే దారులన్నీ స్లాష్‌తో మొదలుపెట్టండి. పాత లింకులకు రీరైట్ రూల్ వద్దు, ఐడీ 25 ఏ కథో దానికి తెలియదు. కథ.పీహెచ్‌పీలోనే ఐడీ వస్తే డేటాబేస్‌లో స్లగ్ వెతికి కొత్త అడ్రసుకి పంపండి. పరీక్షించేటప్పుడు 302 (తాత్కాలిక దారి మళ్లింపు) వాడండి. 301ని (శాశ్వత మళ్లింపు) బ్రౌజర్ గుర్తుపెట్టుకుంటుంది, తప్పు దారి పట్టిస్తే మీరు సరిదిద్దాక కూడా చదివేవాళ్లు ఆ తప్పు చోటికే పోతుంటారు. అన్నీ కుదిరాక 301కి మార్చండి.