రిక్వెస్టుకో రకంగా మారుతున్న టైమ్‌జోన్: ఎన్‌జిన్‌ఎక్స్, పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం

ప్రశ్న (హనుమకొండ)

అందరికీ నమస్కారం. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి, పత్తి తెచ్చే రైతులకు కాంటా చీటీలు ఇచ్చే అప్లికేషన్ ఒకటి నేను చూసుకుంటున్నాను. ఉబుంటు 20.04 మీద ఎన్‌జిన్‌ఎక్స్ (వెబ్ సర్వర్), పీహెచ్‌పీ 7.4 ఎఫ్‌పీఎం (పీహెచ్‌పీ కోడ్‌ను నడిపే ప్రోగ్రాం) నడుస్తున్నాయి. పీహెచ్‌పీ ఐఎన్ఐ ఫైల్లో డేట్.టైమ్‌జోన్ విలువ ఆసియా/కోల్‌కతా అనే ఉంది. అయినా ఉదయం 11 గంటలకు తూకమైన సరుకు చీటీ మీద ఒక్కోసారి 5:30 అని పడుతోంది. అదే చీటీని మళ్లీ తీస్తే సరిగ్గానే వస్తోంది. తేడా ఐదున్నర గంటలు కనుక సర్వర్ యూటీసీకి (ప్రపంచ ప్రామాణిక సమయానికి) మారుతోందని తెలుస్తోంది గానీ, మారుస్తున్నదెవరో అంతుపట్టడం లేదు. కోడ్ మొదట్లో ఐఎన్ఐ_సెట్ (సెట్టింగును కోడ్ నుంచే మార్చే ఫంక్షన్) పెట్టి చూస్తే అది కూడా అప్పుడప్పుడు ఫాల్స్ (కుదరలేదని) ఇస్తోంది. ఎఫ్‌పీఎంను రీస్టార్ట్ చేస్తే కాసేపు సర్దుకుంటుంది. ఇదే సర్వర్‌లో, ఇదే పూల్‌లో (రిక్వెస్టులు అందుకునే ఎఫ్‌పీఎం వర్కర్ ప్రాసెస్‌ల గుంపులో), మరొకరి సైటు కూడా ఉంది.

జవాబు (కరీంనగర్)

ఆ ఫాల్స్ దగ్గరే అసలు ఆధారం ఉందండీ. డేట్.టైమ్‌జోన్‌ను మామూలుగా స్క్రిప్టు నుంచి మార్చుకోవచ్చు; మీరిచ్చిన పేరు సరైనదే అయినా కాదంటోందంటే, ఎవరో దాన్ని అడ్మిన్ విలువగా (స్క్రిప్టు మార్చలేని విధంగా) బిగించి ఉండాలి. ఎఫ్‌పీఎం యాక్సెస్ లాగ్ ఫార్మాట్‌లో వర్కర్ ప్రాసెస్ నంబరు వచ్చేలా శాతం గుర్తు, చిన్న పి అక్షరం చేర్చండి. మీ కోడ్‌లో కూడా గెట్‌మైపిడ్‌తో పాటు టైమ్‌జోన్‌ను లాగ్ చేసి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి.

ప్రశ్న అడిగినవారు

చూశాను. ఒక వర్కర్ పొద్దుటి నుంచి సరిగ్గా నడిచి, పక్క సైటు రిక్వెస్టు ఒకటి అందుకున్న తర్వాత యూటీసీకి మారి, ఇక అక్కడే ఉండిపోయింది. ఆ సైటు ఎన్‌జిన్‌ఎక్స్ ఫైల్లో ఫాస్ట్‌సీజీఐ_పారామ్ (ఎన్‌జిన్‌ఎక్స్ నుంచి ఎఫ్‌పీఎంకు విలువలు పంపే ఆదేశం) కింద పీహెచ్‌పీ_అడ్మిన్_వాల్యూ లైనుతో టైమ్‌జోన్‌ను యూటీసీ అని ఇచ్చారు. కానీ ఆ లైను వాళ్ల సర్వర్ బ్లాకులోనే (ఎన్‌జిన్‌ఎక్స్‌లో వాళ్ల సైటు సెట్టింగుల భాగంలోనే) ఉంది కదా, మా దాకా ఎలా వచ్చింది?

జవాబు (కాజీపేట)

బ్లాకు హద్దు ఎన్‌జిన్‌ఎక్స్‌కే గానీ ఎఫ్‌పీఎం వర్కర్‌కు లేదు. ఐఎన్ఐ_సెట్‌తో మార్చినవి రిక్వెస్టు ముగియగానే పాత విలువకు వస్తాయి, ఎందుకంటే పీహెచ్‌పీ వాటిని మార్పులుగా రాసిపెట్టుకుంటుంది. ఇలా ఫాస్ట్‌సీజీఐ ద్వారా వచ్చిన విలువ మాత్రం అసలు ఎంట్రీనే తిరగరాస్తుంది కనుక, ఆ వర్కర్ బతికున్నంత కాలం తర్వాత వచ్చే ప్రతి సైటుకూ అదే వర్తిస్తుంది. పీఎం.మ్యాక్స్_రిక్వెస్ట్స్ (ఎన్ని రిక్వెస్టుల తర్వాత వర్కర్‌ను మార్చాలో చెప్పే సెట్టింగు) డిఫాల్టు 0, అంటే రిక్వెస్టుల లెక్కను బట్టి వర్కర్ మారదు. దీన్ని వెయ్యో రెండు వేలో పెడితే లక్షణం అరుదవుతుంది, జబ్బు అలాగే ఉంటుంది. నేనైతే అది చేయను.

రెండు సైట్లకు రెండు పూల్స్, రెండు సాకెట్లు (ఎన్‌జిన్‌ఎక్స్ ఎఫ్‌పీఎంతో మాట్లాడే దారులు) పెట్టండి. టైమ్‌జోన్‌ను ఆయా పూల్ ఫైల్లోనే ఇచ్చి, ఎన్‌జిన్‌ఎక్స్‌లోని ఆ లైను తీసేయమనండి. పూల్ విడగొట్టడం వాళ్లకు ఇష్టం లేకపోతే, వాళ్ల డైరెక్టరీలో యూజర్ ఐఎన్ఐ ఫైలు (ఆ డైరెక్టరీకే వర్తించే సెట్టింగుల ఫైలు) సరిపోతుంది. అందులో చేసిన మార్పు కనబడటానికి డిఫాల్టుగా 300 సెకన్ల దాకా పట్టవచ్చు. ఓపెన్_బేస్‌డిర్ (పీహెచ్‌పీ ఏ డైరెక్టరీల్లోని ఫైళ్లను తెరవవచ్చో హద్దు పెట్టే సెట్టింగు) కూడా ఇదే దారిలో ఇచ్చారేమో తప్పక వెతకండి, అది పక్క సైటుకు అంటుకుంటే పోయేది చీటీ మీద గడియారం ఒక్కటే కాదు.

లైను తీసేశాక ఎన్‌జిన్‌ఎక్స్‌ను రీలోడ్ చేసి ఊరుకోవద్దు. పాత వర్కర్లలో యూటీసీ ఇంకా ఉంటుంది కాబట్టి ఎఫ్‌పీఎంను కూడా రీస్టార్ట్ చేయాలి.