నల్లమల వైపు పెద్ద ఉల్క రాలింది, ఎవరైనా చూశారా?

మాది గిద్దలూరు దగ్గర పల్లె. డిసెంబర్ 14 తెల్లవారుజామున 4 గంటలప్పుడు, అడవి పందులు పడతాయని కంది చేను దగ్గర కాపలా ఉన్నాను. ఉన్నట్టుండి చేనంతా పట్టపగలైంది. నా చేతికర్ర నీడ నేల మీద గిర్రున తిరిగింది! తలెత్తితే ఆకుపచ్చ నిప్పుముద్ద ఒకటి పడమర నల్లమల వైపు దూసుకెళ్తోంది. చివర్లో రెండు ముక్కలై ఆరిపోయింది. మూడు నాలుగు సెకన్లు, అంతే.

సుమారు మూడు నిమిషాల తర్వాత దూరంగా ఉరుములాంటి మోత. ఆకాశంలో మబ్బు తునక లేదు. శబ్దం నిమిషానికి 20 కిలోమీటర్లు పోతుంది కాబట్టి 60 కిలోమీటర్ల దూరం ఉంటుందనుకుంటున్నాను. ఆ రోజుల్లో జెమినిడ్స్ ఉల్కాపాతం ఉంటుందని తెలుసు. కానీ అవి మామూలుగా చాలా ఎత్తులోనే కాలిపోతాయి కదా, మరి ఈ మోత ఏంటి? రాకెట్ ముక్కయితే ఇంకా నెమ్మదిగా, చాలాసేపు కనబడేది.

ఆత్మకూరు, శ్రీశైలం, దోర్నాల వైపు వాళ్లు ఎవరైనా చూశారా? ఏ దిక్కున, ఎంత ఎత్తులో కనిపించిందో చెప్పండి. ఎత్తు కొలవాలంటే, చెయ్యి చాపి పిడికిలి పడితే ఆకాశంలో ఆ పిడికిలి వెడల్పు దాదాపు 10 డిగ్రీలు. సీసీ కెమెరా రికార్డింగ్ ఉంటే చెరిగిపోకముందే దాచండి, దయచేసి. రెండు చోట్ల నుంచి దిక్కు తెలిస్తే అది పోయిన దారి గీయొచ్చు.