జ్వరం, పిడుదులు కనబడితే చాలా? రక్తం చూడకుండానే బెబీసియా (కుక్క ఎర్రకణాల్లో చేరే పురుగు) సూది వేయొచ్చా?

గోదారి గట్టు:
మా లాబ్రడార్‌కి పోయిన నెల జ్వరం వచ్చింది. చెవుల లోపల, వేళ్ల సందుల్లో అన్నీ పిడుదులే. అన్నం ముట్టలేదు, చిగుళ్లు పాలిపోయాయి, మూత్రం కాఫీ డికాషన్ రంగులో పోసింది. క్లినిక్‌లో చూడగానే "టిక్ ఫీవరే, టెస్టు దండగ" అని పచ్చటి సూదిమందు ఒకటి పొడిచి, డాక్సీ (డాక్సీసైక్లిన్ యాంటీబయోటిక్) మాత్రలు రాసి పంపేశారు. కాస్త లేచి తిరిగింది, మళ్లీ పడిపోయింది. ఇంకోచోటికి తీసుకెళ్తే స్లైడు చూసి, "ఇది బెబీసియాలో గిబ్సోనై అనే రకం, ఆ సూదికి పూర్తిగా లొంగదు" అన్నారు. ఇప్పుడు వేరే మందుల మీద ఉంది, తింటోంది. నేనడిగేది ఒకటే. రక్తం చూడకుండా ఆ సూది వేయడం సబబేనా?

తెనాలి పశువైద్యుడు:
కొన్నిసార్లు సబబేనండి. ఆదివారం రాత్రి చిగుళ్లు తెల్లబడి, మూత్రం ఎర్రగా పోస్తున్న కుక్కని తెచ్చారనుకోండి. ల్యాబ్ తెరిచేది సోమవారం. అది వోగెలై రకం, అంటే గోధుమరంగు కుక్క పిడుదు మోసుకొచ్చే పెద్ద బెబీసియా అయితే, బెబీసియా సూదులైన డిమినాజీన్ గానీ ఇమిడోకార్బ్ గానీ పడ్డాక త్వరగానే తేడా కనిపిస్తుంది. అదే చిన్న కుక్కపిల్ల అయితే తెల్లారేదాకా ఆగడానికి నాకు ధైర్యం చాలదు. పైగా స్లైడులో కనబడలేదంటే జబ్బు లేదని కాదు. రక్తంలో పురుగు తక్కువగా ఉన్న కుక్కలో గంటసేపు వెతికినా దొరక్కపోవచ్చు. లక్షణాలు కూడా సాక్ష్యమే.

స్లైడు పిచ్చోడు:
డాక్టరు గారు ల్యాబ్ గురించి మాట్లాడుతున్నారు, నేనడిగేది ఒక్క చుక్క. చెవి అంచున వెంట్రుకలు గీసి, స్పిరిట్ ఆరనిచ్చి, సూదిమొనతో గుచ్చితే పైకొచ్చే మొదటి చుక్క. పురుగు పట్టిన కణాలు సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయి కాబట్టి, కాలి సిరలోంచి లాగిన రక్తంలో కంటే ఇక్కడ దొరికే అవకాశం ఎక్కువ. పలక మీద పలచగా లాగి, ఆరబెట్టి, మిథనాల్‌లో ముంచి, జీమ్సా రంగు పట్టించి, నూనె వేసి పెద్ద కటకం కింద చూడండి. వోగెలై అయితే ఒక్కో ఎర్రకణంలో రెండు పియర్ పండు ఆకారాలు మొనలు కలుపుకొని కూర్చుంటాయి. గిబ్సోనై అయితే ఏడు మైక్రాన్ల కణంలో ఒకటి నుంచి మూడు మైక్రాన్ల చిన్న ఉంగరం, దాని అంచున ఊదారంగు చుక్క. రంగు మరకని చూసి పురుగు అనుకునేవాళ్లూ ఉన్నారు, అది వేరే కథ.

ఈ చుక్క సూది పడకముందే తీయాలి. పడ్డాక రక్తంలో పురుగు పలచబడిపోతుంది, ఇక అది ఏ రకమో స్లైడు మీద తేల్చడం కష్టం. గోదారి గట్టు గారి కుక్కకి మొదటి క్లినిక్‌లో పోయింది ఆ అవకాశమే.

గిబ్సోనై మనకి కొత్తదేం కాదు. 1910లో ప్యాటన్ దీన్ని మొదట వర్ణించింది మద్రాసు వేటకుక్కల రక్తంలో, ఆ తర్వాత నక్కల్లోనూ చూశాడు. ఇన్నేళ్లయినా మనం అన్నిటికీ "టిక్ ఫీవర్" అని ఒకే పేరు పెట్టి సరిపెట్టుకుంటున్నాం. పిడుదులే మోసే ఎర్లీకియా అసలు బాక్టీరియా. దానికి డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది, మామూలుగా 28 రోజులు వాడతారు. బెబీసియా ఏకకణ పరాన్నజీవి, డాక్సీ ఒక్కటే వేస్తే పోదు. ఒకే కుక్కలో రెండూ ఉంటే సగం తగ్గుతుంది, మనం పూర్తిగా తగ్గిందనుకుంటాం.

నల్గొండ బాయికాడ:
అన్నా, మీ ముచ్చట మంచిగనే ఉంది గని, మా దిక్కు మైక్రోస్కోపు ఏడున్నది? బర్లకు ఏసే సూదే కుక్కకు ఏస్తరు. మొన్న మా పక్క బాయోళ్ల కుక్కకు ఏసిండ్రు. తెల్లారేసరికి తలకాయ ఊపుకుంట, కాళ్లు తడబడి గోడకు ఒరిగింది. అది జబ్బు జేసిందా, సూది జేసిందా?

తెనాలి పశువైద్యుడు:
చూడకుండా తేల్చి చెప్పలేను తమ్ముడూ, కానీ సూదిని అనుమానించాల్సిందే. ఆ సూది డిమినాజీన్ అయితే, కుక్కకి కిలో బరువుకి 3.5 మి.గ్రా., కండలోకి, ఒక్కసారే. మోతాదుకీ విషానికీ మధ్య ఎడం చాలా తక్కువ. మించితే చిన్నమెదడు దెబ్బతిని మీరు చెప్పిన లక్షణాలే వస్తాయి. ఒక్కోసారి మించకపోయినా వస్తాయి. తూకం వేయకుండా "ఇరవై కిలోలుంటుందిలే" అని సిరంజి నింపడాన్ని నేనూ సమర్థించను. తగ్గలేదని రెండ్రోజులకే మళ్లీ పొడవడం ఇంకా ప్రమాదం. ఇమిడోకార్బ్‌తో అయితే చొంగ, వాంతులు, విరేచనాలు వస్తాయి, ముందు అట్రోపిన్ వేస్తే చాలామటుకు అదుపులో ఉంటాయి. గిబ్సోనై మీద మాత్రం అదీ అంతంతే.

డాలస్ నుంచి:
ఇంత చర్చ దేనికండీ? ఇక్కడ ముందు పీసీఆర్ (రక్తంలో పురుగు జన్యువుని వెతికే టెస్టు) చేస్తారు, గిబ్సోనై అని తేలితే అటోవాక్వోన్, అజిత్రోమైసిన్ కలిపి పది రోజులు. మన దగ్గర ఇంకా పాతకాలపు సూదులే.

గోదారి గట్టు:
మాకూ అదే రాశారు సార్, ధర చూస్తే కళ్లు తిరిగాయి. మందుల షాపులో మనుషుల మలేరియా మాత్ర చూపించి "ఇందులోనూ అదే మందుంది, వేసేయండి" అన్నారు. డాక్టర్ని అడిగితే వద్దన్నారు, అందులో ప్రోగ్వానిల్ కూడా ఉంటుందట, కుక్కలకి వాంతులవుతాయట. అటోవాక్వోన్‌ని కొవ్వుతో పెడితేనే ఒంటికి పడుతుందన్నారు. నెయ్యి కలిపిన అన్నంలో పెట్టి, ఎనిమిది గంటలకోసారి, అర్ధరాత్రి అలారం పెట్టుకొని మరీ వేశాం.

తెనాలి పశువైద్యుడు:
డాలస్ గారూ, ఆ జంటకీ లొంగని గిబ్సోనై ఉంది, పురుగు సైటోక్రోమ్ బి జన్యువులో మార్పు వస్తే అటోవాక్వోన్ పనిచేయదు. డబ్బు చాలనివాళ్లకి క్లిండామైసిన్, మెట్రోనిడజోల్, డాక్సీ మూడూ కలిపి వారాల తరబడి వాడతాం. నెమ్మదిగా పనిచేస్తుంది, పురుగు పూర్తిగా పోతుందన్న హామీ లేదు, కానీ కుక్క నిలబడుతుంది. వాడేది ఏదైనా, అయిపోయాక 60 రోజులకీ 90 రోజులకీ పీసీఆర్ చేయిస్తేనే పోయిందో లేదో తెలుస్తుంది. అంతదాకా వచ్చేవాళ్లు తక్కువ.

బ్రీడర్ బాబాయ్:
మీరంతా చిన్నదాన్ని పెద్దది చేస్తున్నారు. మా కెనెల్‌లో వేసవికి ముందే అన్నిటికీ ఇమిడోకార్బ్ వేయించేస్తా. టెస్టు లేదు, గొడవ లేదు.

స్లైడు పిచ్చోడు:
బాబాయ్, పిడుదుని వదిలేసి పురుగుకి సూదా? ఫ్లూరలానర్, అఫాక్సోలానర్ లాంటి, పిడుదుల్ని చంపే నమిలే మాత్రలున్నాయి. పిడుదు కరవగానే బెబీసియా ఎక్కదు, మామూలుగా ఒకటి రెండు రోజులు అంటిపెట్టుకొని రక్తం పీల్చాలి. కాబట్టి రోజూ ఒళ్లంతా తడిమి పీకేసినా సగం యుద్ధం గెలిచినట్టే. ఇక గిబ్సోనైకి పిడుదు ఒక్కటే దారి కాదు. కుక్కలు కరుచుకుంటే అంటుతుంది, తల్లి కడుపులోంచి పిల్లలకి వస్తుంది, రక్తం ఎక్కిస్తే వస్తుంది. పైకి దుక్కలా ఉన్న మీ ఆడకుక్క ఒక్కటి దాన్ని మోస్తుంటే ఈతకి ఎన్ని పిల్లలకి పంచుతుందో లెక్కేసుకోండి. మీ దగ్గర్నుంచి రక్తదానానికి కుక్కల్ని పంపుతారు కదా, వాటికైనా టెస్టు చేయించారా?

బ్రీడర్ బాబాయ్:
అడిగినవాళ్లెవరూ లేరు. ఆ మాత్రల ఖరీదు పన్నెండు కుక్కలకి ఎంతవుతుందో నువ్వూ ఓసారి లెక్కేసి చెప్పు.

తెనాలి పశువైద్యుడు:
దాత కుక్కల విషయంలో స్లైడు గారితో నాకు పేచీ లేదు, అక్కడ స్లైడు కూడా చాలదు, పీసీఆరే. అసలు ప్రశ్నకొస్తే, చుక్క తీశాకే సూది అంటే ఒప్పుకుంటాను. రిపోర్టు వచ్చాకే సూది అంటే ఒప్పుకోను.

స్లైడు పిచ్చోడు:
రిపోర్టు కోసం ఆగమని నేనెక్కడన్నానండీ? చుక్క తీయడానికి రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలు కూడా "దండగ" అనేవాళ్లతోనే నా గొడవ.

నల్గొండ బాయికాడ:
సరే అన్నా, చుక్క మేమే తీపిస్తం. పలక మీద రుద్ది రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకి బస్సుల తీస్కపోతే అయితదా, ఖరాబైతదా?

స్లైడు పిచ్చోడు:
అయితది. రెండు మూడు పలకలు తీయించు. రక్తం ఆరేదాకా ఈగ వాలనీయకు, చెమ్మ తగలనీయకు. ఫ్రిజ్‌లో అసలే పెట్టొద్దు. మిథనాల్ దొరికితే అక్కడే ముంచి ఆరబెట్టు, దొరక్కపోతే అదే రోజు బస్సెక్కు. ఒకదానికొకటి తగలకుండా కాగితంలో చుట్టి, కుక్క వయసు, పలక తీసిన టైము, ఏదైనా సూది వేశారా లేదా అన్నది పలక గరుకు అంచున పెన్సిల్‌తో రాయి. పెన్నుతో రాస్తే మిథనాల్‌లో చెరిగిపోతుంది.