రొమ్ములో గడ్డ ఉన్నవాళ్ళు ఆపరేషన్ లేకుండా సైజు పెంచే పంపు, క్యాప్సూళ్ళు, జెల్ వాడొచ్చా?

ప్రశ్న: వెన్నెల_బెజవాడ

మా చెల్లికి 27 ఏళ్ళు. కుడి రొమ్ములో పైన, చంక వైపు గడ్డ ఉంది. అల్ట్రాసౌండ్ రిపోర్టులో 18 x 11 మి.మీ., అండాకారం, అంచులు స్పష్టంగా ఉన్నాయి, బైరాడ్స్ (గడ్డమీద అనుమానం ఎంతో చెప్పే గ్రేడు) 3, ఆరు నెలలకి మళ్ళీ స్కాన్ చేయించాలి అని రాశారు. ఫైబ్రోఅడినోమాలా (క్యాన్సర్ కాని గడ్డ) ఉందన్నారు, బయాప్సీ చెయ్యలేదు. ఎడమవైపు 6 మి.మీ. నీటితిత్తి ఒకటి ఉంది. పెళ్ళి కుదిరింది, సైజు తక్కువని బెంగ పెట్టుకుంది. మూడు రకాలు చూసిపెట్టుకుంది. ఒకటి చేత్తో నొక్కే వ్యాక్యూమ్ పంపు. రెండోది మెంతి, సోంపు, ఏదో థాయ్‌లాండ్ మూలిక కలిసిన క్యాప్సూళ్ళు. మూడోది ఒక క్లినిక్ వాళ్ళు ‘కత్తి గాటు లేకుండా గంటలో’ అని చెప్పే జెల్ ఇంజెక్షన్. వీటివల్ల గడ్డ క్యాన్సర్‌గా మారుతుందా? మూడింట్లో ఏదైనా పరవాలేదా? తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు: స్కాన్‌గది (రేడియాలజీ)

ముందు భయం సంగతి చెప్తానమ్మా. మామూలు ఫైబ్రోఅడినోమా క్యాన్సర్‌గా మారడం చాలా అరుదు. పంపు పెట్టినంత మాత్రాన, మెంతులు తిన్నంత మాత్రాన మారిపోదు. అయితే మీ చెల్లి రిపోర్టు ముగింపులో ఉన్నది బైరాడ్స్ 3. దాన్నీ ‘ఫైబ్రోఅడినోమా అని తేలిపోయింది’ అన్నదాన్నీ ఒకటే అనుకోవద్దు. సూది పరీక్ష జరగలేదు కాబట్టి ఇంకా తేలలేదు.

బైరాడ్స్ 3 అంటే, చూడ్డానికి ప్రమాదం లేని గడ్డలాగే ఉంది, క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతానికి మించదు, కాబట్టి ఇప్పుడే గుచ్చకుండా 6, 12, 24 నెలలకి కొలిచి చూద్దాం అని. ఆ నిర్ణయమంతా ఈసారి కొలతని పోయినసారి కొలతతో పోల్చడం మీదే నడుస్తుంది. తెరమీద గడ్డకి ఈ చివరో చుక్క, ఆ చివరో చుక్క పెట్టి మధ్య దూరం చూస్తాం. 18 మి.మీ. ఉన్నది ఆరు నెలల్లో 22కి చేరితే 20 శాతం దాటినట్టే, బయాప్సీ అడుగుతాం. మొత్తం నాలుగు మిల్లీమీటర్ల వ్యవహారం. కొలిచే చెయ్యి మారితేనే అందులో ఒకటి రెండు అటూ ఇటూ అవుతాయి.

ఫైబ్రోఅడినోమా ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌కి స్పందించే గడ్డ. అందుకే గర్భంతో ఉన్నప్పుడు పెరుగుతుంది, ముట్లుడిగాక కుంచించుకుపోతుంది. ఈస్ట్రోజెన్‌లా పనిచేసే పదార్థం ఆరు నెలలు మింగి స్కాన్‌కి వస్తే, పెరిగింది క్యాప్సూల్ వల్లనా, గడ్డ స్వభావమే అంతా అన్నది విడదీసి చెప్పలేం. ఫిలోడిస్ అని ఇంకో కణితి ఉంది. మొదట్లో అచ్చం ఫైబ్రోఅడినోమాలాగే కనిపిస్తుంది. దాన్ని అనుమానించేది చాలాసార్లు అది పెరిగే వేగం చూసే. ‘ఆ మందులవల్లేలే’ అని ఇంట్లో సరిపెట్టుకుంటే ఆ ఆధారం చేజారిపోతుంది.

ఇక పంపు. ఈ పద్ధతికి శాస్త్రీయంగా పరీక్షించిన రూపం ఒకటుంది. మయామీ సర్జన్ రోజర్ ఖూరీ 2000లో ప్రచురించిన అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న 17 మంది మహిళలు రోజుకి 10 నుంచి 12 గంటల చొప్పున 10 వారాలు రొమ్ముల మీద గాలి లాగే గుమ్మటాల్లాంటి కప్పులు తొడుక్కోవాలి. 12 మందే చివరిదాకా ఉన్నారు. అందులో ఒత్తిడి చాలా తక్కువ, యంత్రమే అదుపు చేస్తుంది. ఆన్‌లైన్‌లో దొరికే చాలా చేతి పంపులకి ఒత్తిడి చూపే గేజే ఉండదు. నాలుగుసార్లు గట్టిగా నొక్కితే లోపల ఒత్తిడి ఎంతకి పోయిందో తెలిసే దారి లేదు. తీసేశాక కప్పు అంచు ఆనినచోట ఊదారంగు గుండ్రటి గీత, దాని లోపల ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి చూడండి, అవి చిట్లిన సన్న రక్తనాళాలు. అప్పటికప్పుడు కనిపించే ‘పెరుగుదల’ లోపలికి లాగిన నీరు, కొన్ని గంటల్లో దిగిపోతుంది.

చర్మం కందిపోవడం చిన్న సంగతే. రక్తం లోపల గడ్డకట్టినా, కొవ్వు దెబ్బతిని చచ్చినా, అక్కడ కొత్త గడ్డ తయారవుతుంది. చచ్చిన కొవ్వు గట్టిగా, ఎగుడుదిగుడు అంచులతో ఉంటుంది, ఒక్కోసారి చర్మాన్ని లోపలికి లాగుతుంది. స్కాన్‌లోనూ చేతికీ కూడా క్యాన్సర్‌ని పోలి ఉంటుంది. ఒక గడ్డని గమనించుకుంటూ ఉన్న అమ్మాయికి రెండో గడ్డ, దానికో బయాప్సీ, ఫలితం వచ్చేదాకా నిద్రలేని రాత్రులు. ఇవన్నీ అవసరం లేని బాధలు.

జవాబు: మందులచీటీ (ఫార్మసీ)

క్యాప్సూళ్ళ గురించి నేను చెప్తానండీ.

వంటలో వేసే మెంతులు, భోజనం తర్వాత నమిలే సోంపు మానక్కర్లేదు. గుప్పెడు సరుకు సారాన్ని ఒక బిళ్ళలోకి పిండి రోజూ నాలుగైదు మింగడం వేరే లెక్క. మెంతుల్లో ఉండే డయోస్జెనిన్ నుంచి ఫ్యాక్టరీలో హార్మోన్లు తయారుచేస్తారన్నది నిజం. మన ఒంట్లో ఆ మార్పు జరగదు. ప్రకటనల్లో ఈ రెండో వాక్యం రాయరు. పైగా మెంతి సారం షుగర్ మందుల పనిని పెంచుతుంది, రక్తం పలచబడే వార్ఫరిన్ లాంటివి వాడేవాళ్ళకి రక్తస్రావం ముప్పు ఉంది.

థాయ్‌లాండ్ మూలిక అంటే చాలావరకు ప్యురేరియా మిరిఫికా అయ్యుంటుంది. సీసా మీద ‘క్వావ్ క్రువా’ అని ఉందేమో చూడండి. అందులోని మైరోఎస్ట్రాల్ నిజంగానే ఈస్ట్రోజెన్‌లా గట్టిగా పనిచేస్తుంది. చిక్కు కూడా దాంతోనే వచ్చింది. దుంప ఏ నేలలో పండింది, ఎప్పుడు తవ్వారు అన్నదాన్నిబట్టి బలం మారిపోతుంది. ఒక సీసాకీ ఇంకో సీసాకీ మోతాదు పొంతన ఉండదు. మూలిక కదా అని ధీమాగా మింగేది కొలత లేని హార్మోన్‌ని. వక్షోజాలు పెంచుతామనే మూలికా మందులమీద 2003లో వచ్చిన ఒక వైద్య సమీక్షలో, పనిచేస్తాయని చూపే క్లినికల్ ట్రయల్ ఒక్కటీ దొరకలేదు.

ఎవరో ఒకరు గర్భనిరోధక మాత్రలు వేసుకో, సైజు వస్తుంది అని కూడా చెప్తారు. ఫైబ్రోఅడినోమా ఉన్నవాళ్ళు గర్భనిరోధకానికి డాక్టరు రాసిచ్చిన మాత్ర మానాల్సిన పనిలేదు. కానీ సైజు కోసం వేసుకుంటే వచ్చేది మొదటి రెండు మూడు నెలల నీటి వాపే. పొగతాగే అలవాటో, కళ్ళముందు మెరుపులతో వచ్చే మైగ్రేనో ఉంటే రక్తం గడ్డకట్టే ప్రమాదం, పక్షవాతం ముప్పు ఉన్నాయి. చీటీ లేకుండా ఈస్ట్రాడయోల్ (ఈస్ట్రోజెన్ మందు) ఒక్కటే తెచ్చుకుని వాడితే గర్భాశయం లోపలి పొర అడ్డూ అదుపూ లేకుండా మందమవుతుంది.

క్రీముల విషయంలో, లేబుల్ మీద ఏమున్నా స్టిరాయిడ్ కలిపి ఉండొచ్చని అనుమానించండి. వారాల తరబడి రాస్తే రొమ్ము మీది పలచటి చర్మం ఇంకా పలచబడి చారలు పడతాయి. ఆ చారలు తర్వాత పోవు.

ఇంకో మాట. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం షెడ్యూలులో స్త్రీల వక్షం ఆకారం, నిర్మాణం అనే అంశం ఉంది. దాన్ని మారుస్తామని మందుకి ప్రకటన ఇవ్వడమే నేరం, మొదటిసారి ఆరు నెలలదాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మందు అంటే ఆ చట్టం ప్రకారం బిళ్ళ, సిరప్ మాత్రమే కాదు, ఆహారం తప్ప శరీర నిర్మాణాన్ని మార్చడానికి ఉద్దేశించిన ఏ వస్తువైనా వస్తుంది. తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్ ఈ చట్టం కింద మందులు స్వాధీనం చేసుకుంటూనే ఉంటుంది. ప్రకటన స్క్రీన్‌షాట్, సీసా ఫొటో, బ్యాచ్ నంబరు ఉంటే ఫిర్యాదుకి చాలు.

జవాబు: శస్త్ర_గుంటూరు (సర్జరీ)

మూడింట్లో నాకు ఎక్కువ భయం వేసేది ఆ జెల్. దయచేసి చెల్లిని ఆపండి.

‘జెల్’ అనే ఒక్క మాట కింద నాలుగు రకాలు నడుస్తున్నాయి. హయలురోనిక్ యాసిడ్ అన్నిటికన్నా మెరుగైనది, ఎందుకంటే కరిగించడానికి హయలురోనిడేజ్ ఇంజెక్షన్ ఉంది. దాని కథ కూడా తెలుసుకోండి. స్వీడన్ కంపెనీ తయారుచేసిన మాక్రోలేన్ జెల్‌ని 2008లో బ్రిటన్‌లో రొమ్ముల కోసం తెచ్చారు. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) చదవడానికి అది అడ్డమవుతుందా లేదా అన్నదానిమీద రేడియాలజిస్టుల మధ్య ఏకాభిప్రాయం కుదరక 2012లో కంపెనీయే రొమ్ములకి వాడకం ఆపేసింది. అల్ట్రాసౌండ్‌లో ఆ జెల్ నల్లటి మడుగులా కనిపిస్తుంది. నీటితిత్తి కూడా అలాగే కనిపిస్తుంది. మీ చెల్లికి ఎడమవైపు ఇప్పటికే తిత్తి ఉంది. రేపు స్కాన్ చేసేవాళ్ళకి ఏది తిత్తి, ఏది జెల్ అన్నది ఎలా తెలుస్తుంది?

రెండోది పాలీయాక్రిలమైడ్. చైనాలో వేలమందికి ఎక్కించాక 2006లో తయారీ, అమ్మకం, వాడకం అన్నీ నిషేధించారు. అది ఎక్కించినచోట ఉండదు, ఛాతీ కండరంలోకి, చంకలోకి, కిందికి జారుతుంది. పిల్లకి పాలిచ్చే రోజుల్లో ఇన్‌ఫెక్షన్ సోకి చీముపట్టిన కేసులున్నాయి. కరిగించే మందు లేదు. ఆపరేషన్ చేసినా పూర్తిగా తియ్యలేం. మూడోది, 98 శాతం నీరే అని చెప్పి అమ్మే రకం. మిగిలిన 2 శాతం పాలిమరే ఒంట్లో ఉండిపోతుంది, చిక్కంతా దానితోనే. నాలుగోది ద్రవ సిలికాన్. స్కాన్‌లో మంచుతుఫానులా తెల్లగా కమ్మేస్తుంది, వెనకున్న గడ్డ కనిపించదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ రొమ్ము సైజు పెంచడానికి ఇలా ఎక్కించే ఏ ఫిల్లర్‌నీ ఆమోదించలేదు, సిలికాన్ ఇంజెక్షన్ వద్దని హెచ్చరిస్తూనే ఉంది.

కొందరు మీ కొవ్వే మీకు ఎక్కిస్తాం, ఇది సర్జరీ కాదు అంటారు. పొట్టలోంచో తొడలోంచో కొవ్వు లాగి ఎక్కించడం సర్జరీయే. అమెరికా ప్లాస్టిక్ సర్జన్ల సంఘం 1987లో వద్దంది, 2009లో జాగ్రత్తలతో సడలించింది. ఎక్కించిన కొవ్వులో కొంత బతకదు. అది నూనెతిత్తులుగా, సున్నపు చుక్కలుగా మిగులుతుంది. తేలని గడ్డ ఉన్న రొమ్ములో మాత్రం ఇది చెయ్యకూడదు.

చెయ్యాల్సింది ఒకటుంది. పెళ్ళి, తర్వాత గర్భం అనుకుంటున్నారు కాబట్టి ఆరు నెలలు ఆగకుండా ఇప్పుడే కోర్ బయాప్సీ అడగడం న్యాయమైన కోరిక. 14 గేజి సూది, మత్తు ఇంజెక్షన్, చర్మం మీద రెండు మూడు మిల్లీమీటర్ల గాటు, నాలుగైదు ముక్కలు. ఇంటికి అదేరోజు వెళ్ళిపోవచ్చు. ఎఫ్‌ఎన్‌ఏసీ అనే సన్నసూది పరీక్ష కన్నా ఇది మేలు, సన్నసూదితో తీసిన కణాల్లో ఫిలోడిస్‌ని, ఫైబ్రోఅడినోమాని విడదీయడం కష్టం. ఫైబ్రోఅడినోమా అని తేలితే తియ్యక్కర్లేదు. 3 సెంటీమీటర్లు దాటినా, త్వరగా పెరుగుతున్నా అప్పుడు తీయించుకోవచ్చు.

మళ్ళీ: వెన్నెల_బెజవాడ

అందరికీ ధన్యవాదాలండీ. జెల్ వద్దని ఒప్పుకుంది. కానీ పంపు ఇప్పటికే మూడు వారాలుగా వాడుతోందని, క్యాప్సూళ్ళు కూడా సగం సీసా అయ్యాయని ఈరోజు చెప్పింది. ఇప్పుడు స్కాన్ చేయించాలా? బదులుగా వ్యాయామాలు చేయొచ్చా?

జవాబు: స్కాన్‌గది

తిట్టకండి తనని. రెండూ ఈరోజే ఆపించండి. సీసా పారెయ్యకుండా దాచండి, లేబుల్ మాకు పనికొస్తుంది.

ఎర్రబారి వేడిగా ఉన్నా, జ్వరమొచ్చినా, కొత్త గడ్డ తగిలినా, చర్మం లోపలికి లాగినట్టున్నా, చనుమొనలోంచి రక్తం కనిపించినా రేపే చూపించండి. ఇవేవీ లేకపోతే రెండు నెలసరులు దాటనివ్వండి. కమిలిన రక్తం ఆలోగా చాలావరకు పీల్చుకుపోతుంది. మూడో నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కపెట్టి 7 నుంచి 10 రోజుల మధ్య స్కాన్‌కి వెళ్ళండి, అప్పుడు రొమ్ము వాపు, సలుపు తక్కువ. బయాప్సీకి అంత ఆగక్కర్లేదు, సర్జన్ గారితో మాట్లాడి తేదీ పెట్టుకోండి. ఎక్కడికెళ్ళినా పాత రిపోర్టు ఒక్కటే చాలదు, ఫిల్ములు లేదా సీడీ తీసుకెళ్ళండి. పంపు ఎన్నిరోజులు, ఏవైపు, ఏం మింగింది అన్నది స్కాన్ చేసేవాళ్ళకి ముందే చెప్పండి. సిగ్గుపడి దాస్తే చచ్చిన కొవ్వుని చూసి వాళ్ళు బైరాడ్స్ 4, అంటే అనుమానంగా ఉంది, బయాప్సీ చెయ్యాలి అని రాసే అవకాశం ఉంది.

జవాబు: శస్త్ర_గుంటూరు

వ్యాయామం నిక్షేపంగా చెయ్యొచ్చు, గడ్డకి ఏమీ కాదు. పుషప్‌లు, డంబెల్ ప్రెస్ వెనకున్న ఛాతీ కండరాన్ని పెంచుతాయి. రొమ్ములో ఉన్నది పాలగ్రంథులు, కొవ్వు. వాటికి కండరం లేదు కాబట్టి రొమ్ము పెరగదు, నిలబడే తీరు కొంచెం మారుతుంది. ఉండాల్సిన బరువుకన్నా తక్కువుంటే నాలుగు కిలోలు పెరగనివ్వండి, కొంత అక్కడికీ చేరుతుంది. నూనెతో మర్దన మాత్రం బయాప్సీ ఫలితం వచ్చేదాకా వద్దు.

జవాబు: మందులచీటీ

బ్రా కొలత కూడా ఒకసారి సరిచూడండమ్మా. రొమ్ముల కింద టేపు బిగుతుగా పట్టి ఒక కొలత, నిండుగా ఉన్నచోట వదులుగా ఇంకో కొలత. రెండింటి మధ్య ప్రతి రెండున్నర సెంటీమీటర్లకీ ఒక కప్పు సైజు లెక్క. వెనకపట్టీ వదులై పైకి జరుగుతూ, కప్పు ముడతలుపడేది వేసుకుంటే ఉన్న సైజు కూడా కనపడదు. గడ్డ ఉన్నచోట తీగ ఒత్తుకుంటుంటే తీగ లేని ప్యాడెడ్ రకం తీసుకోండి. పెళ్ళి బ్లౌజు కుట్టే టైలరుకి కప్పులు లోపలే పెట్టి కుట్టమని చెప్తే ఆ ఒక్క రోజు బెంగ కూడా తీరుతుంది.