చర్చ: పిట్టల కోసం పెంచిన పెరడును నలుగురికీ చూపించాలా, వద్దా?

కరివేపాకు (విజయనగరం)
మా అబ్బాయి కాలిఫోర్నియాలో ఉంటాడు. అక్కడికి వెళ్లినప్పుడు ఒక ఆదివారం నన్ను నాలుగిళ్లు తిప్పాడు. బంధువుల ఇళ్లు కావు, ముక్కూ మొహం తెలియనివాళ్ల పెరళ్లు! ఆ నేలలో పుట్టిన మొక్కలే పెంచి, పక్షులకూ పురుగులకూ వదిలేసిన దొడ్లను ఏడాదికొక రోజు తెరిచి చూపిస్తారట. ఒకావిడ పూల దగ్గర ఆగనే లేదు. చిల్లులు పడిన ఆకుల దగ్గరికి తీసుకెళ్లి, మనవడి మార్కుల కాగితం చూపించినంత మురిపెంగా చూపించింది. తుంచితే పాలు కారే ఆ మొక్క మన జిల్లేడుకు దూరపు చుట్టం. మొనార్క్ సీతాకోకచిలుక గొంగళికి అదే ఆహారం.

కార్తీకంలో ఉసిరిచెట్టు వెతుక్కుంటూ వనభోజనాలకు ఎలాగూ బయలుదేరుతాం. ఆ నెలలోనే ఒక ఆదివారం మన ఊళ్లో ఏడెనిమిది పెరళ్లు తిరిగి చూద్దామా? తెరిచేవాళ్లెవరు? వద్దనేవాళ్లు కారణం కూడా చెప్పండి.

గంటస్తంభం
నేను వద్దంటాను. మా వీధిలో ఒకరి దబ్బచెట్టు మీద దర్జీపిట్ట గూడు కట్టింది. రెండు ఆకుల అంచులు కలిపి, దూదిపోగులతో కుట్టి, లోపల మెత్తగా పరిచిన గూడు. ఇంటాయన సంబరపడి వీధివీధంతా పిలిచాడు. వచ్చినవాళ్లు ఆకులు విడదీసి ఫోనులో ఫొటోలు తీసుకున్నారు. మూడోనాటికి గూడు ఖాళీ. కాకి పనో, పిల్లి పనో నాకు తెలియదు, దారి చూపించింది మాత్రం మనుషులే. పిట్ట కోసం పెంచిన తోటలోకి జనాన్ని తోలడం ఏమి న్యాయమండీ?

పైగా మన ఊళ్లో పెరటి తలుపు తెరిస్తే మర్నాడు తెల్లవారేసరికి నందివర్ధనం మీద ఒక్క పువ్వు మిగలదు. దేవుడి పేరు చెబితే దొంగతనం కాదు కదా!

బోటనీ మాస్టారు
ఆ సంగతి తరువాత. ముందు ‘మన నేల మొక్కలు’ అనే గిరి ఎక్కడ గీస్తారో చెప్పండి. పైడితల్లమ్మ జాతరలో ఊరేగించే సిరిమాను చింతమాను. అమ్మవారు పూజారి కలలో కనిపించి ఆ చెట్టు ఎక్కడుందో చెబుతుందని మన నమ్మకం. ఆ చింత పుట్టిల్లు ఆఫ్రికా. బంతి మెక్సికోది. మిరప, టమాటా, జామ, బొప్పాయి అమెరికా ఖండాల నుంచి వచ్చినవి. గుమ్మానికి కట్టిన తోరణంలో మామిడాకు మనదైతే బంతిపువ్వు పరాయిది. మీ జాబితా ప్రకారం తోరణాన్ని సగానికి కోయాలా?

ఉద్దానం వాసి
మాస్టారూ, జీడిమామిడిని మరిచారు. అదీ బ్రెజిల్‌దే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా జీడితోట, కొబ్బరి ఒక్క రాత్రిలో నేలమట్టమయ్యాయి. వేళ్లు పైకి లేచిన జీడిచెట్టును పట్టుకుని మా నాన్న ఏడ్చాడు. దాని ఊరేదని అడగలేదు.

ఇంకొక మాట. మా పెరళ్లలో పనస, మునగ, కరివేపాకు, ముళ్లకంప కంచె, కంచె నిండా పిట్టలు ఎప్పటినుంచో ఉన్నాయి. పట్నంవాళ్లు దొడ్డంతా సిమెంటు పోసుకుని, ఇప్పుడు మట్టిని చూడటానికి యాత్ర కడతామంటే నవ్వొస్తోంది.

కరివేపాకు
నవ్వండి. మా దొడ్లో కూడా సగం సిమెంటే, మా మామగారి కాలంలో పోయించినది.

మాస్టారూ, నేను మొక్క పుట్టుపూర్వోత్తరాలు అడగడం లేదు. దాన్ని ఎవరు తింటున్నారని అడుగుతున్నాను. నా పేరులో ఉన్న చెట్టునే చూడండి. దాని ఆకు మీద పిట్టరెట్టలా తెల్లగా, గోధుమరంగుగా ఏదో అంటుకుని ఉంటుంది. చాలామంది నీళ్లు కొట్టి కడిగేస్తారు. అది రెట్ట కాదు, గొంగళి. కొన్నాళ్లకు పచ్చబడుతుంది. పుల్లతో తాకితే తల వెనుక నుంచి ఎర్రటి కొమ్ముల జత బయటపెట్టి, పుల్లని ఘాటు వాసన వదులుతుంది. కొంతకాలానికి రెక్కలు విప్పుకుని నల్ల సీతాకోకచిలుకై ఎగిరిపోతుంది. వాటిలో కొన్ని ఆడవి రెక్కల మీద ఎర్రమచ్చలతో వేషం కడతాయి. ఎవరి వేషమంటే, ఈశ్వరి తీగ తిని పెరిగే మరొక సీతాకోకచిలుకది. ఈశ్వరి ఆకులోని విషం ఒంట్లో ఉండబట్టి దాన్ని పిట్టలు ముట్టవు. ఒళ్లు ఎర్రగా ఉంటే అసలుది, నల్లగా ఉంటే మన కరివేపాకు తిన్న వేషధారి. ఈశ్వరి తీగను పిచ్చిమొక్క అని పీకేసిన ఊళ్లో ఆ వేషాన్ని ఏ పిట్ట నమ్ముతుంది?

ఇది ఫొటోలో చూపించలేను. గోడ పక్కన నిలబెట్టి చూపించాలి. యాత్ర అందుకే. బంతిని పీకమని ఎవరూ అనలేదు. దాని పక్కన తంగేడుకు కూడా చోటివ్వండి.

బోటనీ మాస్టారు
వేషధారి సంగతి బాగుంది, ఒప్పుకుంటున్నాను. అయితే ఆ లెక్కన రోడ్ల పక్కన నాటే విదేశీ చెట్టు కోనోకార్పస్‌కు కూడా ఓటు వేస్తారేమో! గుజరాత్, తెలంగాణ ప్రభుత్వాలే దాన్ని నాటొద్దన్నాయి.

కరివేపాకు
వెయ్యను. మా వీధి చివర అది పదేళ్లుగా ఉంది, ఆకు మీద నేను ఒక్క చిల్లు కూడా చూడలేదు.

పక్కింటి గోడ
మీ పెరడు మీకు ముద్దే. గోడ ఇవతల ఉన్నవాళ్ల మాట ఎవరైనా అడిగారా? మా పక్కవాళ్లు ‘సహజంగా’ వదిలేశామంటూ ఆకుల కుప్పలు, మట్టి మూకుళ్లలో నీళ్లు పెట్టారు. వానాకాలంలో మా పాపకు డెంగీ వచ్చింది. రెండు నెలల తరువాత బాత్‌రూములో పాము. జెర్రిపోతేనట, విషం లేదట. పామును ఆ ముక్క నా భార్య అడగలేదు, అరిచింది.

టెక్కలి బస్సు
పాప ఇప్పుడు కులాసాగా ఉందని అనుకుంటున్నాను. నీటి విషయంలో మీ కోపం సబబే. దోమ గుడ్డు నుంచి రెక్కల దాకా రావడానికి వారం పైనే పడుతుంది. మూకుడును మూడు రోజులకొకసారి ఒంపేసి, అంచులు రుద్ది కడిగితే చాలు. అది చేయనివాళ్లు పిట్టలకు నీళ్లు పెట్టడం మానెయ్యాలి.

గంటస్తంభం గారికి ఒక మాట. మా దగ్గర తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఇళ్ల మధ్య చెట్ల మీదే గూళ్లు కడతాయి. వాటిని సైబీరియా పక్షులని రాస్తుంటారు గాని, అవి మన ఉపఖండం పక్షులే. రెట్టల కంపు, చేపల నీచు భరిస్తూ ఊరివాళ్లు వాటిని ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు. చలికాలమంతా జనం బస్సుల్లో వస్తారు. అయినా పక్షులు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. చెట్టుకింద చేరి కేకలు వేసే వాడిని ఊరివాళ్లే మందలించడమే దానికి కారణం. చూడనివ్వడం వేరు, చేతికందనివ్వడం వేరు.

గంటస్తంభం
ఊరంతా కాపలా కాయడం వేరు, ఒక ఇంటావిడ పదిమందిని ఆపడం వేరు. వచ్చినవాళ్లలో మా అత్తగారో, ఆఫీసరు గారి భార్యో ఉంటే ‘ముట్టుకోకండి’ అని ఎలా అంటారు? మన మొహమాటాలు మీకు తెలియనివా?

కరివేపాకు
ఇది నిజమే. దీనికి నా దగ్గర జవాబు లేదు. ఒకసారికి ఎనిమిది మందినే పిలుద్దాం, గుడ్లు, పిల్లలు ఉన్న ఇల్లు ఆ రోజు జాబితాలో వద్దు, పూలు కోయకూడదని గేటు మీదే రాసిపెడదాం. నోటితో అనలేనిది బోర్డు అంటుంది. మీ అత్తగారికి కూడా అదే బోర్డు.

మూడో అంతస్తు
ఇందాకటి నుంచి చదువుతున్నాను. అందరూ దొడ్డి, గోడ, గేటు అంటున్నారు. మాది అద్దె వాటా, నాలుగడుగుల బాల్కనీ. యజమాని మేకు కొట్టనివ్వడు. పది కుండీల్లో కరివేపాకు, నిమ్మ, రెండు తులసి, ఒక గన్నేరు ఉన్నాయి. గన్నేరు ఆకు కింద వెండి పూత పూసినట్టు మెరిసే సీతాకోకచిలుక గూడు ఒకటి వేలాడితే మా ఆయన చెవిపోగు పడిపోయిందనుకున్నాడు. మాలాంటివాళ్ల ఇల్లు మీ యాత్రలో ఉంటుందా, సొంతిల్లున్నవాళ్లకేనా?

కరివేపాకు
మొదటి ఇల్లు మీదేనమ్మా. మెట్లెక్కలేనివాళ్లను కింద కూర్చోబెడతాను.

పక్కింటి గోడ
నేను రాను. మూకుళ్లు కడిగే సంగతి మాత్రం మా పక్కవాళ్లకు ఎవరైనా చెప్పండి. నేను చెబితే గొడవవుతుంది.

మూడో అంతస్తు
సంతోషం. కాని నిన్న పొద్దున చూస్తే ఖాళీ కుండీలో బెళ్లగువ్వ నాలుగు పుల్లలు పడేసి, గూడనుకుని రెండు గుడ్లు పెట్టింది. మీరు పెట్టిన షరతే కదా. ఆ ఆదివారానికి పిల్లలు ఎగిరిపోకపోతే జాబితాలోంచి మా ఇల్లు తీసేయండి.